‘ఐ హ్యాడ్ ఎ లంచ్’ అంటే తప్పేనా?

ప్రశ్న వేసినవారు:
నిన్న ఆఫీసు గ్రూపులో ‘ఐ హ్యాడ్ ఎ లంచ్’ అని పెట్టాను. ‘ఎ’ తీసెయ్ అని ఒకాయన అందరి ముందూ సరిదిద్దాడు. సాయంత్రం ఆయనే ‘ఐ హ్యాడ్ ఎ హెవీ లంచ్’ అని రాశాడు! తనకో రూలు, నాకో రూలా?

గ్రామర్ పక్షం:
ఆయన రాసింది కరెక్టేనండి. బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ అనేవి రోజూ ఉండే పూటల పేర్లు. ఆ పేరు ఒక్కటే వస్తే మామూలుగా ఆర్టికల్ పెట్టరు. ముందు ‘హెవీ’, ‘లేట్’, ‘క్విక్’ లాంటిది చేరితే ఎలాంటి భోజనమో చెబుతున్నట్టు, అప్పుడు ‘ఎ’ వస్తుంది. మన దగ్గరా అంతేగా, ‘భోజనం చేశాను’ అంటాం. ‘ఒక భోజనం చేశాను’ అంటే, మరి రెండోది ఎప్పుడు అంటారు!

ఎదురు పక్షం:
అంత సులువైతే ఇంత గొడవెందుకు? ‘వి హ్యాడ్ సండే లంచ్’ అంటారు, ‘క్రిస్మస్ డిన్నర్’ కూడా అంతే. ముందు మాట ఉంది కదా, ‘ఎ’ ఏది? ‘మీల్’ దగ్గరికొస్తే మళ్లీ తిరగబడింది, ‘హ్యాడ్ ఎ మీల్’ అనాల్సిందే. ఇన్ని మెలికలున్నప్పుడు అర్థమైతే చాలు, పట్టి పట్టి సరిదిద్దడం దేనికి?

గ్రామర్ పక్షం:
సండే లంచ్ దెబ్బ గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటున్నా. కాకపోతే అక్కడ ‘సండే’ భోజనం ఎలా ఉందో చెప్పడం లేదు, పూట పేరులోనే కలిసిపోయింది. ‘మీల్’ ఏ పూట పేరూ కాదు, ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. ఇక ‘అర్థమైతే చాలు’ అన్నారే, ప్రతిసారీ అర్థమవదు. ‘ఐయామ్ ఎట్ లంచ్’ అంటే తింటున్నానని. ‘ఐయామ్ ఎట్ ది లంచ్’ అంటే మనిద్దరికీ తెలిసిన ఫలానా విందులో ఉన్నానని. అవతలి మనిషి ‘నన్ను పిలవని విందు ఏంటబ్బా’ అని తల గోక్కుంటాడు.

మధ్యలో వచ్చినవారు:
ఆర్టికల్ పోతే పోయింది, పేర్లతోనే అసలు చిక్కు. ఇంగ్లండ్ ఉత్తరాన చాలామందికి డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, టీ అంటే సాయంత్రం భోజనం. ‘కమ్ ఫర్ టీ’ అన్నారు కదా అని కడుపు నిండా తిని వెళ్లారో, అయిపోయారే!

ప్రశ్న వేసినవారు:
సరే, ‘ఎ’ తీసేశాను. ఆ మాటేదో ఆయన నాకు విడిగా చెప్పి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాణ్ణే కాదు.