మియాపూర్‌లో పాత ఫ్లాట్ కొని, బాగు చేయించి అద్దెకివ్వాలనుకుంటున్నాను: లెక్క సరిపోతుందా?

చందానగర్ నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భార్యాభర్తలమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. నాన్నగారు కట్టించిన ఇంట్లోనే ఉంటున్నాం కనుక మాకు ఉండటానికి ఇల్లు అక్కర్లేదు. ఇన్నేళ్లలో కూడబెట్టిన 18 లక్షలను అద్దె వచ్చే ఆస్తి మీద పెడదామన్నది ఆలోచన.

మియాపూర్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, 2008లో కట్టిన అపార్టుమెంటులో, మూడో అంతస్తులో 1,020 చదరపు అడుగుల రెండు పడకగదుల ఫ్లాట్ ఒకటి చూశాం. దక్షిణ ద్వారం. యజమాని 52 లక్షలు చెబుతున్నారు. అదే భవనంలో అలాంటి ఫ్లాట్లు రూ.17,000 అద్దెకు పోతున్నాయి. నాలుగు లక్షలు పెట్టి బాగు చేయిస్తే 22,000 వస్తుందని మధ్యవర్తి అంటున్నారు. బ్యాంకువారు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో అప్పు ఇస్తామన్నారు.

డాలస్‌లో ఉండే మా బావగారు అక్కడివాళ్ల పద్ధతి ఒకటి చెప్పారు. పాత ఇల్లు చవకగా కొని, మరమ్మతు చేయించి, అద్దెకిచ్చి, పెరిగిన విలువ మీద మళ్లీ అప్పు తీసుకుని, ఆ డబ్బుతో రెండో ఇల్లు కొంటారట. అది ఇక్కడ సాధ్యమా? ఈ ధర సరైనదేనా? మరమ్మతులో దేని మీద ఖర్చు పెట్టాలి, దేని మీద పెట్టకూడదు? అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత పద్దులు

బ్యాంకు రుణ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను కనుక ముందు అప్పు సంగతి చెబుతాను.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. 52 లక్షలకు అది 41.6 లక్షలు. లక్షకు నెలకు రూ.868 చొప్పున మీ వాయిదా దాదాపు రూ.36,100 అవుతుంది. అద్దె 17,000. అంటే ప్రతి నెలా 19,000 మీ జీతాల్లోంచి పోయాలి. అద్దె తనంతట తాను మోయగలిగే అప్పు 20 లక్షల లోపేనని గుర్తుంచుకోండి.

చేతి డబ్బు లెక్క ఇంకా బిగువుగా ఉంది. మీ వాటా 10.4 లక్షలు; తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం కనుక మరో 3.9 లక్షలు, మధ్యవర్తి చెప్పిన మరమ్మతు 4 లక్షలు. మొత్తం 18.3 లక్షలు. మీ 18 అక్కడికే చాలడం లేదు. ఈ రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు విలువలో కలపదు, దానికి అప్పు ఇవ్వదు. పైగా బ్యాంకు 80 శాతం కట్టేది మీరు ఒప్పుకున్న ధర మీద కాదు. ఆ ధర, తమ ఇంజనీరు కట్టిన విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీద. పద్దెనిమిదేళ్ల భవనానికి ఆయన 46 లక్షలే కట్టారనుకోండి, అప్పు 36.8 లక్షలకు దిగి, మీరు తేవలసింది ఒక్కసారిగా 15.2 లక్షలవుతుంది. అందుచేత అడ్వాన్సు ఇచ్చేముందే ఒప్పంద పత్రంలో, రుణం నిరాకరించినా, న్యాయ పరిశీలనలో లోపం తేలినా, అడ్వాన్సు పూర్తిగా తిరిగివ్వాలన్న షరతు రాయించండి. అడ్వాన్సు చెక్కుగానో బ్యాంకు బదిలీగానో ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో రూ.20,000 లేదా అంతకు మించి నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇచ్చిన మీకు రుజువు మిగలదు.

బావగారి పద్ధతి విషయానికొస్తే, అది అద్దె రాబడి వడ్డీకి దగ్గరగా ఉన్న చోట నడుస్తుంది. ఇక్కడ మీరు 60 లక్షల దాకా పెట్టి, 17,000 అద్దె మీద ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, చిన్నాచితకా రిపేర్లు పోగా సుమారు 1.68 లక్షలు పొందుతారు. అది మూడు శాతం కూడా కాదు. అప్పు మాత్రం 8.5 శాతానికి తెస్తున్నారు. ఇక మరమ్మతు తరవాత మళ్లీ విలువ కట్టించుకుందామంటే, మా ఇంజనీరు చూసేది స్థలంలో మీ వాటా ఎన్ని గజాలు, భవనం వయసెంత, ఆ వీధిలో చదరపు అడుగు ఎంతకు రిజిస్టరయింది అన్నవే. మీరు వేయించిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగును మెచ్చుకుంటారు గానీ నివేదికలో పైసా కలపరు.

ఆదాయపన్ను సంగతి క్లుప్తంగా. ఏడాదంతా అద్దెకున్నట్టు లెక్కేస్తే 2,04,000లోంచి ఆస్తి పన్ను ఓ 4,000, మిగిలిన దాంట్లో 30 శాతం, ఆపైన మొదటి ఏడాది వడ్డీ దాదాపు 3.5 లక్షలు తీసేస్తే 2.1 లక్షల నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే అందులో 2 లక్షల వరకు జీతం మీద తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ సౌకర్యం లేదు. పన్ను మిగులుతుందని ఎవరైనా చెబితే, ఏ విధానంలోనో అడగండి.

ఇటుకా సున్నం

నాకు కూకట్‌పల్లి వైపు రెండు పాత ఫ్లాట్లున్నాయి, రెంటినీ అద్దెకే ఇచ్చాను. పైన రాసిన పాత పద్దుల గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే పాత ఫ్లాట్ దండగని మాత్రం అనను. ఎంతకు కొన్నామన్నదే ముఖ్యం.

దక్షిణ ద్వారం అన్నారు కదా, అది మీకు కలిసొచ్చే అంశం. ఉండటానికి కొనేవారు వాస్తు చూసి వెనక్కి తగ్గుతారు కనుక అలాంటి ఫ్లాట్లు నెలల తరబడి అమ్ముడుపోవు. అద్దెకొచ్చేవారిలో ఆ పట్టింపు తక్కువ. వాళ్లు అడిగేది మంజీరా నీళ్లు వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్లు కొనాలా, కారుకు చోటుందా అని. అంటే కొనేటప్పుడు తగ్గే ధర అద్దెలో అంతగా తగ్గదు. ఈ మాట యజమానితో బేరమాడేటప్పుడు వాడుకోండి.

ఇక చూడవలసినది మీ ఫ్లాట్ కాదు, దాని కింది ఫ్లాట్. రెండో అంతస్తు వాళ్లను మర్యాదగా అడిగి వారి స్నానాలగది పైకప్పు చూడండి. పసుపు మరకలు, పెచ్చులూడిన ప్లాస్టరు, బయటపడ్డ ఇనుప చువ్వ కనిపిస్తే ఆ నీరు మీ స్నానాలగది నుంచి దిగుతున్నదే. తరవాత మీ ఫ్లాట్‌లో స్నానాలగదికి ఆనుకున్న పడకగది గోడను, బీరువా వెనక చెయ్యి పెట్టి తడమండి. కొత్తగా రంగులేసిన ఇంట్లో కన్ను మోసపోతుంది గానీ అరచేతికి చెమ్మ తెలిసిపోతుంది. రూపాయి బిళ్లతో టైల్సు మీద కొట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట కింద సిమెంటు వదిలేసినట్టే.

నా మొదటి ఫ్లాట్‌లో నేను చేసిన తప్పు ఇదే. పాత టైల్సు పగలగొడితే ఖర్చని, మేస్త్రీ సలహా మీద వాటి పైనే కొత్తవి అతికించాను. చూడటానికి అద్దంలా ఉంది. ఎనిమిది నెలలకు కింది ఇంటివారు నన్ను పిలిచి వాళ్ల గీజరు మీద చుక్కచుక్కగా పడుతున్న నీళ్లు చూపించారు. కొత్తవీ పాతవీ కలిపి పగలగొట్టించి, స్లాబు పల్లంలో నింపిన తడి ఇటుక ముక్కలను బస్తాలకెత్తించి, తుప్పుపట్టిన జీఐ (ఇనుప) పైపులు తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వాళ్ల పైకప్పు కూడా బాగు చేయించి ఇవ్వాల్సి వచ్చింది. పైగా ఆ రెండు నెలలూ అద్దె లేదు. ఇప్పుడు ఏ పని చేయించినా, వాటర్‌ప్రూఫింగ్ పూర్తయ్యాక టైల్సు వేయకముందు, నీళ్లు పోయే రంధ్రం మూసి రెండు రోజులు గదిలో నీళ్లు నిలబెట్టిస్తాను. కింది ఇంటివాళ్లు చెమ్మ లేదన్నాకే మేస్త్రీకి మిగతా డబ్బు.

మీ నాలుగు లక్షల్లో నేనైతే సగమే ఖర్చుపెడతాను. స్నానాలగదుల పైపులు, వాటర్‌ప్రూఫింగ్. పాత వైరింగ్ మార్చి ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు), ఏసీకీ గీజరుకీ తగిన మందం తీగలు. లప్పం పెట్టి లేత రంగు. తలుపులకు, కిటికీలకు దోమల జాలీ. వంటింట్లో సింకు కింద ప్లైవుడ్ అసలు వద్దు, ఒక్క వానాకాలానికే ఉబ్బిపోతుంది. కడప బండలతో అరలు కట్టించి తలుపులు మాత్రం పెట్టించండి. పీఓపీ సీలింగు, రంగురంగుల లైట్లు, టీవీ వెనక చెక్క పని మధ్యవర్తి ఫొటోలకు బాగుంటాయి. 22,000 అన్న అంకెను ఆయన మాట మీద నమ్మకండి. ఆ వీధిలో టూలెట్ బోర్డులున్న నాలుగిళ్లకు మీరే అద్దెకొచ్చినవారిలా వెళ్లి అడగండి. నాలుగు లక్షలు పెట్టినా 19,500 దగ్గరే ఆగితే, పెరిగిన అద్దెతో ఆ డబ్బు వెనక్కి రావడానికి పదమూడేళ్లు దాటుతుంది, అప్పటికి టైల్సు మళ్లీ మార్చాల్సిన వేళవుతుంది.

ఇంకొకటి. పిల్లల బడులను బట్టి కుటుంబాలు ఇళ్లు మారేది ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా. పని సాగదీసి ఆషాఢంలో ఫ్లాట్ సిద్ధం చేశారంటే, చూసి వెళ్లిన వాళ్లందరూ శ్రావణంలో వస్తామంటారు. ఆ నెల వాయిదా మీరే కట్టుకోవాలి.

లింకు దస్తావేజు

ఈ ధర, ఈ టైల్సు అన్నీ కాగితాలు సరిగ్గా ఉన్న తరవాతి మాట.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం) దొరుకుతుంది. ఫ్లాటుకే కాక ఆ స్థలం సర్వే నంబరుకు కూడా తీయండి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఆ నంబరు ఉందేమో చూడండి. మున్సిపల్ అనుమతి ఉన్న ప్లాను తెప్పించి, నేలమీద ఉన్న అంతస్తులు లెక్కపెట్టండి. పై అంతస్తో, పెంట్‌హౌసో ప్లానులో లేకుండా పుట్టుకొచ్చిన అపార్టుమెంట్లు నగరంలో కోకొల్లలు. అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని తనఖా పెట్టుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, నివాసం ఉండవచ్చన్న పత్రం) ఇచ్చాక విడిపిస్తుంది. ఆ సర్టిఫికెట్ లేని భవనమైతే, తనఖాలో ఉన్న భాగంలో మీ ఫ్లాట్ పడిందేమో విచారించాలి. బీఆర్‌ఎస్‌కు (అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం) దరఖాస్తు చేశామని రసీదు చూపిస్తే అది క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాదని గ్రహించండి.

ఆ చుట్టుపక్కల చెరువులున్నాయి కనుక హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) పటాల్లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే మేర), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు తప్పక చూడండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ పటాలు కొనేవారు కూడా చదవడం మొదలుపెట్టారు, అంతకుముందు చదివింది ఎవరు! అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న పత్రం, కరెంటు, ఆస్తి పన్ను చివరి రసీదులు కూడా రిజిస్ట్రేషన్‌కు ముందే తీసుకోండి.

అమ్మేవారు విదేశంలో ఉంటే ముందే తెలుసుకోండి. ఇక్కడ నివసించేవారి నుంచి 50 లక్షలు లేదా పైబడిన ఆస్తి కొంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుని కడితే చాలు. ప్రవాసులైతే పట్టవలసిన పన్ను దానికి ఎన్నో రెట్లుంటుంది, పట్టకపోతే బాధ్యత కొన్నవారిది.

చందానగర్ నివాసి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆదివారం ఉదయం కింది ఫ్లాట్‌కు వెళ్లాం. స్నానాలగది పైకప్పు చూపించమనగానే ఆ ఇంటావిడ "మూడేళ్లుగా పై వాళ్లకు చెబుతూనే ఉన్నానండీ" అని, కింద పెట్టిన బకెట్ కూడా చూపించారు. ఫొటోలు తీసి యజమానికి పంపాను. దక్షిణ ద్వారం మాట కూడా కలిపి అడిగితే 48 లక్షలకు దిగారు. ఆయన మియాపూర్‌లోనే ఉంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంది. ఈసీలో ఒక పాత తనఖా కనిపిస్తోంది, విడుదల పత్రం వెతుకుతానన్నారు. అద్దె మాత్రం నేను తిరిగిన చోట్ల 18,500 దాటలేదు. ఈ ధరకు ముందుకెళ్లవచ్చా?

పాత పద్దులు

48 అయితే అప్పు 38.4 లక్షలు, వాయిదా రూ.33,300 చిల్లర. మీ వాటా 9.6, రిజిస్ట్రేషన్ 3.6, కలిపి 13.2 లక్షలు. మిగిలే 4.8 లక్షల్లో రెండు లక్షలు మరమ్మతుకు పోయినా ఎనిమిది నెలల వాయిదాలకు సరిపడా చేతిలో ఉంటుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా 50 లక్షల లోపే ఉంటే ఆ 1 శాతం టీడీఎస్ పని కూడా తప్పుతుంది. 18,500 అద్దె వచ్చినా నెలనెలా దాదాపు 15,000 మీరే వేసుకోవాలి, ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆగినా అది వేయగలరా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. అప్పు మారే వడ్డీ మీద తీసుకుంటే, చేతికి డబ్బు వచ్చినప్పుడు అసలులో కట్టేయవచ్చు, దానికి జరిమానా ఉండదు. ఈసీలో కనిపించిన తనఖాకు విడుదల పత్రం రిజిస్టరయ్యేదాకా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. వెతుకుతానన్న మాట మీద ఇచ్చినవారిని చాలామందిని చూశాను.

ఇటుకా సున్నం

ఆ బకెట్ ఇంటావిడ ఫోన్ నంబరు తీసుకుని ఉంచండి. నీళ్లు నిలబెట్టిన రెండు రోజులూ పైకప్పు చూసి చెప్పవలసింది ఆవిడే.