బ్యాట్ క్యాచర్ గ్లవ్‌కి తగిలింది, రన్ కూడా వచ్చింది. ఏది చెల్లుతుంది?

స్కోర్‌బుక్ నాన్న:
పిల్లల బేస్‌బాల్ పోటీ లిటిల్ లీగ్‌లో ఒక సందేహం. ఒక అవుట్, థర్డ్ బేస్ మీద రన్నర్. స్వింగ్‌లో బ్యాట్ క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చునే కీపర్ లాంటివాడు) గ్లవ్‌కి తగిలింది, అయినా బాల్ సెంటర్ ఫీల్డ్ వైపు గాల్లోకి లేచింది. క్యాచ్ పట్టారు, రన్నర్ ట్యాగప్ చేసి (క్యాచ్ పట్టేదాకా బేస్ మీద ఆగి, తర్వాత పరిగెత్తి) హోమ్‌కి వచ్చేశాడు. అంపైర్ గారు బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఇచ్చి, రన్నర్‌ని థర్డ్‌కి వెనక్కి పంపారు. కోచ్ వెంటనే వెళ్లి "మాకు రన్నే కావాలి" అంటే కుదరదన్నారు. ఎవరిది కరెక్ట్? స్కోర్‌బుక్‌లో ఏం రాయాలి?

ప్లేట్ వెనకాల:
కోచ్‌దే కరెక్టండీ. మేజర్ లీగ్ రూల్ 5.05(బి)(3) కింద సరిగ్గా మీరు చెప్పిన ఉదాహరణే ఉంది, లిటిల్ లీగ్‌లోనూ పద్ధతి అదే. క్యాచర్ అడ్డుపడితే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్. కానీ ఆ పిచ్ (పిచ్చర్ విసిరిన బాల్) మీద ఆట కొనసాగితే, ఆ ఫలితమే కావాలని బ్యాటింగ్ జట్టు మేనేజర్ కోరవచ్చు. అప్పుడు బ్యాటర్ అవుట్, రన్ చెల్లుతుంది. ఆట ఆగిన వెంటనే చెప్పాలి. అంపైరే వచ్చి అడగాలని రూల్‌లో లేదు, కాబట్టి కోచ్ కూర్చుని చూస్తే పోయినట్టే.

అంపైర్లు ఎక్కువగా తప్పేది ఇంకోచోట. గ్లవ్‌కి తగిలిన శబ్దం వినగానే "టైమ్" అనేస్తారు. అనకూడదు. వేలు చూపించి, ఆటని సాగనివ్వాలి. ఆపేస్తే కోచ్‌కి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. బ్యాటర్ హిట్‌తోనో ఎర్రర్‌తోనో (ఫీల్డర్ పొరపాటుతోనో) ఫస్ట్‌కి చేరి, మిగతా రన్నర్లందరూ కనీసం ఒక బేస్ ముందుకెళ్తే అసలు ఇంటర్‌ఫియరెన్స్ (అడ్డుపడటం) ఊసే ఉండదు.

ఎంచుకోవడం గురించి నా అభిప్రాయం: చివరి ఇన్నింగ్స్‌లో స్కోర్ సమంగా ఉంటే రన్ తీసుకోవాలి. నాలుగు రన్లు వెనకబడి ఉంటే ఫస్ట్, థర్డ్‌లో ఇద్దరు, ఒకే అవుట్ అనేది మేలు.

ఈ2 లెక్కలు:
స్కోర్ సంగతి. పెనాల్టీ, అంటే ఫస్ట్ బేస్, తీసుకుంటే 'సి.ఐ.' (క్యాచర్ ఇంటర్‌ఫియరెన్స్) అని రాసి క్యాచర్‌కి ఎర్రర్ వేయండి, అంటే ఈ2 (స్కోర్‌బుక్‌లో క్యాచర్ నంబర్ 2). బ్యాటర్‌కి అట్-బ్యాట్ లెక్కలోకి రాదు, ఆన్-బేస్ శాతంలోనూ కలవదు. రన్ తీసుకుంటే మామూలు శాక్రిఫైస్ ఫ్లై (క్యాచ్ అవుటైనా రన్ తెచ్చిన షాట్), ఒక ఆర్బీఐ (బ్యాటర్ తెచ్చిన రన్), ఎర్రర్ లేదు.

పెనాల్టీలో రన్నర్లంతా ముందుకెళ్తారని చాలామంది అనుకుంటారు. వెనక నుంచి నెట్టుకొచ్చేవాళ్లు ఉంటేనే కదులుతారు. ఫస్ట్‌లో ఉన్నవాడు సెకండ్‌కి వెళ్తాడు, థర్డ్‌లో ఒక్కడే ఉంటే అక్కడే ఉంటాడు. ఆ పిచ్ మీద స్టీల్‌కి (హిట్ కోసం ఆగకుండా తర్వాతి బేస్‌కి పరిగెత్తడానికి) బయల్దేరిన రన్నర్‌కి మాత్రం ఒక బేస్ ఇస్తారు.

స్క్వీజ్ బంట్:
దానికి ఇంకో మెలిక ఉంది, రూల్ 6.01(జి). థర్డ్ నుంచి రన్నర్ స్క్వీజ్‌లోనో (బ్యాటర్ బాల్‌ని మెల్లగా తట్టి రన్నర్‌ని రప్పించే ఎత్తు) స్టీల్‌లోనో హోమ్‌కి వస్తుంటే, క్యాచర్ బాల్ చేతిలో లేకుండా ప్లేట్ మీదికో ముందుకో వచ్చినా, బ్యాటర్‌నో బ్యాట్‌నో తాకినా పిచ్చర్ మీద బాక్ (పిచ్చర్ లెక్కలో వేసే తప్పు) పడుతుంది. బాల్ డెడ్, రన్ వస్తుంది, బ్యాటర్‌కి ఫస్ట్ బేస్. మేజర్ లీగ్‌లో 1971 ఆగస్టు 1న డాడ్జర్స్ జట్టు ఇలాగే 11వ ఇన్నింగ్స్‌లో రెడ్స్ మీద గెలిచారు. హోమ్ స్టీల్ చేస్తున్నది మానీ మోటా, క్యాచర్ జానీ బెంచ్. మళ్లీ క్యాచర్ ఇంటర్‌ఫియరెన్స్‌తో మ్యాచ్ ముగిసింది 2025 జులై 21న. రెడ్ సాక్స్ మీద పదో ఇన్నింగ్స్, బేస్‌లు నిండి ఉన్నాయి, ఫిలీస్ బ్యాటర్ ఎడ్ముండో సోసా సగంలో ఆపిన స్వింగ్ క్యాచర్ గ్లవ్‌కి తగిలింది. రీప్లే చూసి తేల్చారు.

మన క్రికెట్ వాళ్లకి కొత్తేమీ కాదు. 2025 ఐపీఎల్‌లో వాంఖడేలో క్లాసెన్ గ్లవ్స్ స్టంప్స్ ముందుకి రావడంతో రికల్టన్ క్యాచ్ చెల్లక నో-బాల్ అయింది. తేడా ఏమిటంటే అక్కడ గ్లవ్స్ ఎక్కడున్నాయో చూస్తారు, ఇక్కడ సాధారణంగా బ్యాటర్‌కి అడ్డుపడ్డారా అని చూస్తారు.

స్కోర్‌బుక్ నాన్న:
చాలా థాంక్స్ అండీ. స్వింగ్ పూర్తయ్యాక, బ్యాట్ వెనక్కి తిరిగొచ్చి క్యాచర్‌కి తగిలితే?

ప్లేట్ వెనకాల:
అది క్యాచర్ తప్పు కాదు. కావాలని కొట్టనంతవరకు స్ట్రైక్ మాత్రమే, బాల్ డెడ్, రన్నర్లు కదలకూడదు. మూడో స్ట్రైక్ అయితే బ్యాటర్ అవుట్. అయితే క్యాచర్ మొదటి త్రోకే రన్నర్ అవుటైతే ఆ అవుట్ చెల్లుతుంది.

ఈ2 లెక్కలు:
పిల్లలకి క్యాచింగ్ నేర్పేవాళ్లు ఒకటి గమనించండి. లో పిచ్‌ని స్ట్రైక్‌గా చూపించాలని క్యాచర్లు ప్లేట్‌కి దగ్గరగా జరుగుతున్నారు, ఈమధ్య ఇవి పెరగడానికి ముఖ్య కారణం అదే. 2024 మేలో కార్డినల్స్ క్యాచర్ విల్సన్ కాంట్రెరాస్ ముంజేయి జె.డి. మార్టినెజ్ స్వింగ్‌కి విరిగింది. ప్రతి బ్యాటర్ వెనక పాదం ఎక్కడుందో క్యాచర్ చూసుకోవాలి. అతను తను నిలబడే బాక్స్ వెనక చివరికి జరిగితే తనూ అంతే వెనక్కి జరగాలి. 2016లో పన్నెండుసార్లు ఇలా బేస్ ఎక్కిన జాకబీ ఎల్స్‌బరీ లాంటి బ్యాటర్లు వస్తే మరీ జాగ్రత్త. రన్నర్ స్టీల్‌కి పరిగెడితే చెయ్యి ముందుకి చాచి బాల్ అందుకోవాలనే తొందర పుడుతుంది. బాల్‌ని గ్లవ్ దాకా రానివ్వమని ప్రాక్టీస్‌లోనే పదేపదే చెప్పండి.