టెక్సస్‌లో ఫ్యూనరల్ డైరెక్టర్లకి (అంత్యక్రియలు నడిపేవాళ్లకి) రెండేళ్లకి 16 గంటల సీఈ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్): పనికొచ్చే చదువా, లైసెన్సు రెన్యువల్ తంతా?

బ్రజోస్_రాజు: తంతే. స్లయిడ్లు నొక్కుకుంటూ పోతే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. శవం పాడవకుండా ఎక్కించే ఇండెక్స్ 25 ఫ్లూయిడ్‌తో (అంటే 25 శాతం ఫార్మాల్డిహైడ్) గ్యాలన్, అంటే 128 ఔన్సుల ద్రావణం 2 శాతానికి కలపాలంటే 128ని 2తో గుణించి 25తో భాగించాలి, 10 ఔన్సుల పైచిలుకు. క్విజ్‌లో అందరూ రాస్తారు. కామెర్లతో పోయిన మనిషికి ఫార్మాల్డిహైడ్ ఘాటుగా ఎక్కిస్తే పసుపు బిలిరుబిన్ కాస్తా బిలివర్డిన్ అయి ముఖం ఆకుపచ్చగా తిరుగుతుంది. ముందు ప్రీ-ఇంజెక్షన్‌తో రక్తం కడిగేసి, ఆ తర్వాత జాండిస్ ఫ్లూయిడ్ వాడాలి. ఇది టేబుల్ దగ్గర నిలబడితేనే వస్తుంది.

శారద_హ్యూస్టన్: రాజు గారూ, ఇక్కడ శవానికి ఫ్లూయిడ్ ఎక్కించే ఎంబామర్ లైసెన్సు వేరు, డైరెక్టర్ లైసెన్సు వేరు. క్రిమేషన్‌కి కుటుంబంతో సంతకాలు చేయించేది డైరెక్టర్. పేస్‌మేకర్ తీయించకపోతే రిటార్ట్‌లో (దహనం చేసే కొలిమిలో) పేలుతుందని అందరికీ తెలుసు. మరి క్యాన్సర్‌కి ఇచ్చే రేడియోధార్మిక మందు లుటీషియం-177? అరిజోనాలో ఆ చికిత్స జరిగిన ఐదు రోజులకే ఒక రోగిని దహనం చేశారు. దాని అర్ధాయువే (ధార్మికత సగానికి తగ్గే కాలం) ఆరున్నర రోజులు దాటుతుంది. రిటార్ట్‌లో, ఫిల్టర్‌లో రేడియోధార్మికత బయటపడింది. ఆ కేసు 2019లో అచ్చయింది. పదేళ్ల కింద కాలేజీ దాటినవాళ్లకి ఎవరు చెప్పాలి?

బ్రజోస్_రాజు: ఆసుపత్రి చెప్పాలి! అది ఫారంలో ఒక గడి చేరిస్తే తీరేదానికి 16 గంటలెందుకు?

డెన్వర్_మామ: మా కొలరాడోలో 1983 నుంచి చాలా ఏళ్లు లైసెన్సే లేదు. 2023లో పెన్‌రోజ్‌లో ఒక ఫ్యూనరల్ హోమ్‌లో 190 దాకా శవాలు కుళ్లిపోయి దొరికాక 2024లో లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు.

బ్రజోస్_రాజు: మామా, అక్కడ లోపించింది తనిఖీ. స్లయిడ్లు కాదు.

శారద_హ్యూస్టన్: ఆ గడిలో ఏం రాయాలో తెలియాలి కదండీ. "రేడియేషన్ ఉందా" అంటే కుటుంబం "లేదు" అంటుంది. "గత నెలలో న్యూక్లియర్ మెడిసిన్ ఇంజెక్షన్ ఇచ్చారా, ఏ తేదీన" అని అడగాలి.

కొత్త_అప్రెంటిస్: ఓషా (పనిచోట భద్రత చూసే కేంద్ర సంస్థ) ఫార్మాల్డిహైడ్ ట్రైనింగ్ కూడా సీఈలో కలుస్తుందా అండీ?

బ్రజోస్_రాజు: దాని సంగతి వేరు తమ్ముడూ. గాలిలో 0.1 పీపీఎమ్, ఆపైన ఉన్నచోట యజమాని ఏటా ఇప్పించాలి. రక్తం ద్వారా సోకే రోగాల ట్రైనింగ్ అయితే డ్యూటీ టైములో, పైసా తీసుకోకుండా ఇవ్వాలని రూలే ఉంది. సీఈకి మాత్రం ఫీజు మనది, ఆదివారమూ మనదే.

శారద_హ్యూస్టన్: అదీ సంగతి! పొద్దుట్నుంచి బిలిరుబిన్ అంటున్నారు. మీ గొడవ జేబుది.

బ్రజోస్_రాజు: జేబుదే, తప్పేముంది? ఈ రూలు సమర్థించేవాళ్లలో ఓనర్లే ఎక్కువ.

శారద_హ్యూస్టన్: నేనూ ఓనర్నే. లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది. రేపు పక్క ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్తే ఆ గంటలు మీతోనే వస్తాయి. నేనెందుకు కట్టాలి?

బ్రజోస్_రాజు: లైసెన్సున్నవాడు లేకుండా మీరు హోమ్ తెరవలేరు కాబట్టి.

డెన్వర్_మామ: సగం సగం పెట్టుకోండి, టేబుల్ దగ్గర నేర్పే క్లాసుకి మాత్రమే.

శారద_హ్యూస్టన్: అలాంటి క్లాసు చూపించండి, మొత్తం నేనే కడతా. స్లయిడ్లకి ఇవ్వను.