దేవరకొండ ఖిలా దగ్గర విస్కీ బట్టీకి లైసెన్స్ వస్తుందా?

దేవరకొండవాసి:
మా అమ్మాయి వర్జీనియాలో ఉంటది. మొన్న పోయినప్పుడు అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ బతికిన మౌంట్ వెర్నన్ ఎస్టేట్ చూపించింది. ఆయన 1797లో అక్కడ విస్కీ బట్టీ మొదలుపెట్టాడు. అది 1814లో కాలిపోయింది. 2007లో మళ్లీ కట్టి, కట్టెల మంట మీదే రై అనే ధాన్యంతో విస్కీ తీసి అమ్ముతున్నారు. ఆ రాష్ట్రంలో విస్కీ అమ్మకం సర్కారు చేతిలోదే, అయినా దీనికి వీలిచ్చారు. మన ఖిలా కింద ఇట్లాంటిది పెట్టుకోవచ్చా?

రిటైర్డ్ ఎక్సైజ్:
సార్, తాగే మద్యం మన దగ్గరా రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోదే. లైసెన్స్ హైదరాబాద్ నుంచే రావాలి. అసలు మీరు ఏం కాస్తారు? రై మన పంట కాదు. మన ఊళ్ల సరుకంటే సారా, దాని అమ్మకం 1993లోనే బంద్. బెల్లంతో కాస్తే గుడుంబా అంటారు. తండాల్లో డ్రమ్ములకు డ్రమ్ములు పారబోయించిన చేతులివి, నన్ను మళ్లీ ఆ పనికి పిలవకండి!

ఇక మిగిలింది పెద్ద డిస్టిలరీ. కాలుష్య బోర్డు లెక్కలో అది రెడ్ కేటగిరీ, అంటే బాగా కాలుష్యం చేసే వాటి జాబితా. మొలాసిస్‌తో, అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డితో, లీటరు స్పిరిట్ తీస్తే సుమారు 8 నుంచి 15 లీటర్ల నల్లటి మురుగు నీళ్లు మిగులుతాయి. ఆ కంపుకు ఖిలా చూడొచ్చినవాళ్లు గుట్ట ఎక్కకుండానే బస్సెక్కుతారు.

అలంపూర్ తమ్ముడు:
స్థలం ఎవరిదన్నదీ చూడాలి కదా అన్నా. మౌంట్ వెర్నన్ సర్కారుది కాదు, 1858లో ఒక మహిళా సంఘం కొన్నది. మా నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర రక్షణలో ఉన్నవి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత అట్లాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణమే నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి. మా చిన్నాయన ఇంటి మీద ఒక్క గది వేస్తామంటేనే ఆగింది. బట్టీ అంటే ఇంకేమన్నా ఉందా?

దేవరకొండవాసి:
సరే, విస్కీ వద్దు. నీరా, అదే చెట్టు నుంచి దింపిన పులియని తీపి రసం, అయితే?

రిటైర్డ్ ఎక్సైజ్:
ఇప్పుడు దారికొచ్చారు. నీరాకు బట్టీ వద్దు, పొగ లేదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వచ్చింది కదా. ముందు మీ ఊరి గీత కార్మికుల సొసైటీని కదిలించండి, చెట్లు వాళ్ల చేతిలోనే ఉంటాయి. వాళ్లతోనే ఎక్సైజ్ స్టేషన్‌లో దరఖాస్తు పెట్టించండి. ఐస్ పెట్టె కూడా చూసుకోండి. తెల్లారకముందే దింపి చల్లగా పెట్టాలి. ఎండెక్కితే అది కల్లే, అప్పుడు మళ్లీ మావోళ్లే వస్తారు.