అప్‌డేట్: పొగలో దారి వెతుక్కునే జనం, నా మోడల్

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల లాంటి ఇరుకు భవనంలో పొగ కమ్మితే జనం ఎలా బయటపడతారో సిమ్యులేట్ చేస్తున్నానని, నా మోడల్‌లో మాత్రం అందరూ తలుపు కనబడుతున్నట్టే తిన్నగా వెళ్లిపోతున్నారని అడిగాను కదా. వాడుతున్నది 1995లో హెల్బింగ్, మోల్నార్ ఇచ్చిన సోషల్ ఫోర్స్ మోడల్, అంటే ప్రతి మనిషినీ గమ్యం లాగుతున్నట్టు, పక్కవాళ్లూ గోడలూ నెడుతున్నట్టు లెక్కగట్టేది. అందులో గమ్యం ఎటుందో ప్రతి మనిషికీ ముందే తెలుసు.

మీలో ఒకరు చెప్పినట్టు చూపుకి హద్దు పెట్టాను. జపాన్‌లో జిన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క ఇది: పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కె విలువతో 3ని భాగిస్తే మామూలు ఎగ్జిట్ బోర్డు కనబడే దూరం, 8ని భాగిస్తే వెలిగే బోర్డు కనబడే దూరం. అంటే మీటరుకు కె 1 ఉంటే 3 మీటర్లు, 8 మీటర్లు. బోర్డు కనబడనివాళ్లు గోడ పట్టుకుని నడవాలి, పక్కన ఎవరైనా కనిపిస్తే వాళ్ల వెంట పోవాలి.

అంతే, అందరూ ఎక్కి వచ్చిన మెట్ల దగ్గరే కిక్కిరిశారు, వెనక మెట్లు ఖాళీ! (నిజంగానైతే అక్కడ అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, అది వేరే సంగతి.) వెనక మెట్ల వైపు వెలిగే బోర్డు పెడితే కొందరు అటు మళ్లారు.

ఇంకా నడక వేగం తగ్గించాలి. కళ్లు మండించే పొగలో అది మరీ పడిపోతుంది కాబట్టి ముందు అదే పెడుతున్నా.