గుండె ఆగి బతికొచ్చినవాళ్ళు చూసేది నిజమేనా?

ప్రశ్న: మా పెదనాన్నకి గుండె ఆగిపోతే సీపీఆర్ చేసి బతికించారు, స్పృహ వచ్చాక ఎప్పుడో పోయిన మా నాన్నమ్మ గుమ్మంలో నిలబడి "అప్పుడే ఎందుకొచ్చావురా, పో" అందని చెప్పాడు, అప్పట్నుంచి చావంటే భయమే లేదంటున్నాడు. ఇది బ్రెయిన్ చేసే పనా, లేక నిజంగా ఏదైనా ఉందా?

రిప్లై 1: నెదర్లాండ్స్‌లో ఇలా బతికిన 344 మందిని అడిగితే 62 మంది ఇలాంటివే చెప్పారు, 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆక్సిజన్ అందకపోవడమే కారణమైతే అందరికీ రావాలిగా మరి?

రిప్లై 2: 2023లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు వెంటిలేటర్ తీసేసిన నలుగురి ఈఈజీలు (బ్రెయిన్‌లో కరెంటు తరంగాల రికార్డులు) చూస్తే ఇద్దరిలో గామా తరంగాలు, అంటే స్పృహలో ఉండి ఆలోచించేటప్పుడు కనిపించే వేగమైన తరంగాలు, ఒక్కసారిగా పెరిగాయి. నా మటుకు ఇదంతా బ్రెయినే, కాకపోతే వాళ్ళు బతకలేదు కాబట్టి ఏం చూశారో చెప్పేవాళ్ళు లేరు.

రిప్లై 3: మన దేశంలో వేరేలా చెప్తారండి, బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికాలో పనిచేసిన సైకియాట్రిస్ట్ ఇయాన్ స్టీవెన్సన్ కలిసి 1986లో రాసిన కేసుల్లో యమదూతలు తీసుకెళ్ళి, తీరా చూస్తే వేరే మనిషని వెనక్కి పంపేస్తారు, పాశ్చాత్య దేశాల వాళ్ళు తరచూ చెప్పే సొరంగం మాటే లేదు. అందుకే కనిపించేది మనం పెరిగిన వాతావరణాన్ని బట్టే ఉంటుందని నమ్ముతా. కానీ మీ పెదనాన్నకి భయం పోయిందంటే అది చిన్న విషయం కాదు, వాదించకండి. నాన్నమ్మగారు ఏ వయసులో కనపడ్డారో అడిగారా?