గిల్ మెల్లే జాజ్‌ని వదిలేశాడా?

పాతరికార్డు:
బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ పందొమ్మిదేళ్లకే పిలిచి సంతకం పెట్టించుకున్న శాక్సఫోన్ వాద్యకారుడు గిల్ మెల్లే. రూడీ వాన్ గెల్డర్ లాంటి రికార్డింగ్ ఇంజినీరు దగ్గరికి ఆ కంపెనీని తీసుకెళ్లింది కూడా ఈయనే. అంతటివాడు 1971లో ‘ది ఆండ్రోమెడా స్ట్రెయిన్’కి వచ్చేసరికి శాక్సఫోన్ పక్కన పడేసి సినిమా అంతా యంత్రాల మోత నింపాడు. డబ్బు కోసమే జాజ్‌ని వదిలేశాడు.

నిషాదం:
డబ్బు కోసమైతే దొరికే సింథసైజరేదో కొనుక్కునేవాడు కదండీ. ఈయన ఆ సినిమా కోసం పెర్కసోట్రాన్ అనే తాళయంత్రాన్ని సొంతంగా కట్టుకున్నాడు. అంతకుముందే, 1960ల చివర్లో, ‘టోమ్ సిక్స్’ రికార్డులో శాక్సఫోన్ పక్కనే తను చేసుకున్న ఎలక్ట్రానిక్ వాద్యాలు మోగించాడు. హాలీవుడ్‌లో మొదటి ఎలక్ట్రానిక్ సినిమా సంగీతం ఆయనదే.

శేషు:
మొదటిది కాదు. 1956లోనే ‘ఫర్బిడెన్ ప్లానెట్’కి బారన్ దంపతులు చేశారు.

నిషాదం:
టైటిల్స్‌లో దాన్ని సంగీతం అనలేదు. ‘ఎలక్ట్రానిక్ టొనాలిటీస్’, అంటే ఎలక్ట్రానిక్ నాదాలు అని వేశారు.

శేషు:
వాద్యకారుల సంఘంతో గొడవెందుకని అలా వేశారు. పేరు మార్చినంత మాత్రాన సంగీతం కాకుండా పోతుందా?

వేణువు:
ఆండ్రోమెడాకి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ కూడా వచ్చింది.

పాతరికార్డు:
శేషూ, సంఘం అన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. మా నాన్న మద్రాసులో సినిమాలకి వయొలిన్ వాయించేవాడు. ఒక స్టూడియోలోకి కీబోర్డు వచ్చింది, ఈయనకి పిలుపులు ఆగిపోయాయి. వయొలిన్ పెట్టె మంచం కిందికి చేరింది. చివరికి తెరిచి చూస్తే విల్లు వెంట్రుకలు పురుగులు కొట్టేసి ఉన్నాయి.

నిషాదం:
మీ నాన్నగారి బాధకీ మెల్లేకీ ఏమిటండీ సంబంధం? అసలు ‘టోమ్ సిక్స్’ విన్నారా?

పాతరికార్డు:
వినక్కర్లేదు! మా ఇంట్లో పొయ్యి వెలగని రోజులు నువ్వు చూశావా?

వేణువు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

నిషాదం:
చూడలేదండీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నేను బతికేది ఈ సంగీత ప్రోగ్రామింగ్ మీదే. ఇరవై రోజులు కూర్చుని ఒక్క నాదం మలిచాను. రికార్డింగ్‌కి వచ్చిన పెద్దాయన అందరి ముందూ ‘ఇదేం వాయింపు, స్విచ్చి నొక్కడమేగా’ అన్నాడు. మీరు ‘యంత్రాల మోత’ అనగానే అదే గుర్తొచ్చింది. మెల్లే ఎవరినీ ఇంటికి పంపలేదు. ‘టోమ్ సిక్స్’లో ఎలక్ట్రోనాట్స్ అని ఒక బృందమే ఉంది, ఆ వాద్యాలు మోగించింది మనుషులే.

పాతరికార్డు:
స్విచ్చి మాట నేనైతే అనను. ఆ రికార్డు ఈ రాత్రే వింటాను. ఆండ్రోమెడా సంగతి మాత్రం వేరు. అందులో ఆర్కెస్ట్రా కూర్చోవాల్సిన చోట యంత్రం కూర్చుంది. ఆ మాట వెనక్కి తీసుకోను.

శేషు:
మొదటిది మాత్రం బారన్ దంపతులదే.